డాకిని: భయానికీ పూజకూ ఒకే మాట ఎలా వచ్చింది?

ఝార్ఖండ్‌లోనో బీహార్‌లోనో ఒక స్త్రీని ‘డాయన్’ అని ముద్రవేసి ఊరివాళ్లు హింసించారన్న వార్త వచ్చినప్పుడు తెలుగు పత్రికలు ఆ మాటను సాధారణంగా ‘మంత్రగత్తె’ అని రాస్తాయి. వార్త అర్థం కావడానికి అది చాలు. కాని ఆ మార్పులో ఒక సంగతి మరుగున పడుతోంది. డాయన్ అన్నది మనకు పరాయి మాట కాదు. అది సంస్కృతంలోని ‘డాకిని’. పిల్లల కథల్లో శాకినీ డాకినీ అని జంటగా వినిపించేదీ, లలితా సహస్రనామ పారాయణలో ‘డాకినీశ్వరీ’ అని భక్తితో పలికేదీ, టిబెటన్ బౌద్ధులు జ్ఞానస్వరూపిణిగా కొలిచే దేవతల పేరూ ఇదే.

నరమాంసం తినే భూతానికీ, అమ్మవారి శక్తికీ, పొరుగింటి ఒంటరి స్త్రీ మీద వేసే నిందకూ ఒకే మాట ఎలా సరిపోయిందన్న ప్రశ్నకు ఇప్పుడు రెండు జవాబులు విస్తృతంగా ప్రచారంలో ఉన్నాయి. డాకిని మొదట ఆకాశంలో విహరించే జ్ఞానదేవత అనీ, పురుషాధిక్య సమాజం ఆమెను దయ్యంగా దిగజార్చిందనీ ఒక వాదం. డాకిని మొదటినుంచీ రక్తమాంసాలు మరిగిన క్షుద్రశక్తి అనీ, తాంత్రికులే ఆమెను దేవతను చేశారనీ రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. ఎంత ఉందో తేలాలంటే ముందు ఆ మాట ఎక్కడెక్కడ, ఏ క్రమంలో కనిపిస్తోందో చూడాలి.

డాకిని అంటే ఎవరు, ఎవరు కాదు

సంస్కృత గ్రంథాలలో డాకిని అంటే కాళినో, భైరవుణ్ణో, మాతృకలనే తల్లిదేవతల గుంపునో అనుసరించి తిరిగే స్త్రీ రూపంలోని శక్తి. ఆమె నెలవు శ్మశానం, ఆమె ఆహారం మాంసం. అన్నిటికన్నా ముఖ్యంగా, తొలి ప్రస్తావనల్లో ఆమె ఒంటరిగా రాదు, గుంపుగా వస్తుంది. రాక్షసికీ ఆమెకూ ఉన్న పెద్ద తేడా ఇదే. శూర్పణఖకు, హిడింబికి పేరుంది, కులముంది, అన్నదమ్ములున్నారు, తమదైన కథ ఉంది. తొలినాటి డాకినికి ఇవేవీ లేవు. యక్షిణి చెట్టునో నిధినో కాచుకుని ఉండేది. ఇక ఈనాటి తెలుగులో దయ్యం అంటే చనిపోయిన మనిషి తాలూకు ఆత్మ. డాకిని అలా చనిపోయి తిరిగివచ్చిన మనిషి కాదు.

భాగవతం దశమస్కంధం ఆరవ అధ్యాయంలో ఒక సన్నివేశం దీనిని బాగా స్పష్టం చేస్తుంది. పాలిచ్చే నెపంతో వచ్చిన పూతనను చంపి ఆమె వక్షం మీద ఆడుకుంటున్న పసివాణ్ణి గోపికలు ఎత్తుకుని వచ్చి, దిష్టి తీసి, అంగాంగానికీ రక్ష చెబుతారు. ఆ రక్షలో ‘డాకిన్యో యాతుధాన్యశ్చ కూష్మాండా యేఽర్భకగ్రహాః’ అని మొదలుపెట్టి భూత ప్రేత పిశాచాలను, యక్ష రాక్షసులను, కోటర, రేవతి, జ్యేష్ఠ, పూతన, మాతృకలను వరుసగా పేర్కొని, వీళ్లంతా విష్ణునామం వింటే భయపడి నశించాలంటారు. అర్భకగ్రహాలంటే పసిపిల్లలను పట్టి పీడించేవి. అప్పుడే చచ్చిపడిన పూతన పేరు కూడా ఆ జాబితాలో ఉండటం గమనించదగ్గ విషయం: అక్కడ పూతన ఒక వ్యక్తి పేరు కాదు, పిల్లలకు వచ్చే ఒక ఆపద పేరు. సుశ్రుత సంహిత చెప్పే తొమ్మిది బాలగ్రహాలలో కూడా పూతన, రేవతి, శకుని వంటి పేర్లున్నాయి. ఏ గ్రహం పట్టిన బిడ్డకు ఏ లక్షణాలు కనిపిస్తాయో, ఏ చికిత్స చేయాలో వైద్యగ్రంథమే వివరిస్తుంది.

ఈ నేపథ్యం తెలిస్తే డాకిని అన్న భావన ఏ మట్టిలో మొలిచిందో అర్థమవుతుంది. పురిటిగదిలో, ఉయ్యాలలో కారణం తెలియకుండా పిల్లలు పోయే కాలంలో ఆ మరణానికి జనం పెట్టుకున్న పేర్ల జాబితా ఇది. ఆ పేర్లలో ఎక్కువ స్త్రీలవి కావడం యాదృచ్ఛికం కాదు. బిడ్డను కాపాడే అమ్మతల్లే కోపం వస్తే బిడ్డను తీసుకుపోతుందని నమ్మే మతం అది. మన ఊళ్లలో మశూచి సోకినప్పుడు ‘అమ్మవారు పోసింది’ అన్నారు. రోగానికీ దేవతకూ వేర్వేరు పేర్లు పెట్టలేదు.

మాట పుట్టుకపై మూడు వివరణలు

అందరికన్నా ఎక్కువ ఉదహరించే వివరణ ధాతువును ఆధారం చేసుకున్నది. సంస్కృత క్రియామూలాల పట్టిక అయిన ధాతుపాఠంలో ‘డీఙ్ విహాయసా గతౌ’ అని ఉంది: డీ అనే ధాతువుకు ఆకాశమార్గాన వెళ్లడం అని అర్థం. ఉడ్డయనం అన్న మాటలో కనిపించేది ఇదే ధాతువు. బౌద్ధ తాంత్రిక వ్యాఖ్యాతలు డాకినిని ఈ ధాతువుతో ముడిపెట్టి ‘ఆకాశచారిణి’ అని అర్థం చెప్పారు. టిబెటన్ అనువాదకులు దానిని అనుసరించి ‘ఖండ్రోమా’ అనే మాట కట్టారు. ఆకాశంలో వెళ్లే ఆమె అని దాని అర్థం. ఇప్పుడు ప్రపంచమంతటా ‘డాకిని అంటే ఆకాశంలో నడిచేది’ అన్న నిర్వచనం ప్రచారంలో ఉన్నదంటే అది చాలావరకు ఈ టిబెటన్ అనువాదం చలవే. చిక్కేమిటంటే డీ నుంచి డాకిని రావడానికి మధ్యలో ‘డాక’ అనే రూపం ఎలా వచ్చిందో మామూలు వ్యాకరణ మార్గాలలో సులభంగా చూపలేం. అర్థం ముందే మనసులో పెట్టుకుని ధాతువును తర్వాత వెతికినట్టు ఉంటుంది ఈ వ్యుత్పత్తి.

రెండో వివరణ వ్యాకరణ సంప్రదాయంలోనిది. సమూహాన్ని చెప్పే ప్రత్యయాలను వివరించే పాణిని సూత్రం (4.2.51) మీది వ్యాఖ్యానాలలో డాకిని ఉదాహరణగా కనిపిస్తుంది, డాకుల సమూహం డాకిని అని. ఇది ధాతువు ఏదో చెప్పదు, డాకుడు ఎవరో కూడా చెప్పదు. అయినా గుంపు అన్న అర్థం ఇందులో ఉండటం, తొలి గ్రంథాలలో డాకినులు ఎప్పుడూ గుంపుగానే రావడం ఒకదానికొకటి సరిపోతున్నాయి. ఈ వివరణకు దొరకవలసినంత గుర్తింపు దొరకలేదని నా అభిప్రాయం.

మూడోది భాషాశాస్త్ర దృష్టి. వేదసంహితలలో యాతుధాని, రాక్షసి, పిశాచి ఉన్నాయి గాని డాకిని లేదు. పైగా నాలుకను పైకి మడిచి పలికే (మూర్ధన్యమైన) డకారంతో మొదలయ్యే మాటలు ప్రాచీన సంస్కృతంలో బహు అరుదు. అందువల్ల ఇది శిష్టభాషలో పుట్టిన మాట కాదనీ, జనం నోటి భాషలోంచి ఆలస్యంగా సంస్కృతంలోకి ఎక్కిందనీ అనుమానించడం సబబు. బెంగాలీ వంటి భాషల్లో ‘డాక్’ అంటే పిలుపు, కేక. గుంపుగా కేకలు వేస్తూ తిరిగే శక్తులకు ఆ మాటనుంచి పేరు వచ్చి ఉండవచ్చనే ఊహ కూడా ఉంది. ఊహగా అది ఆకర్షణీయమే, నిరూపణ మాత్రం లేదు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక సందేహం రావడం సహజం. మన భాషలో ‘డా’ అంటే ఎడమ. డాకాలు, డాచేయి అంటాం. తాంత్రికుల వామాచారానికీ ఎడమకూ సంబంధం ఉంది కదా, డాకిని ద్రావిడ పదమేమో అనిపించవచ్చు. అలా అనుకోవడానికి ఆధారం లేదు. తెలుగులో ‘డా’ అన్నది ‘ఎడ’ అనే పాత రూపంలో అచ్చు స్థానం మారడంవల్ల ఏర్పడినది. మూల ద్రావిడంలో మాటలు డకారంతో మొదలు కావు. కాబట్టి డకారాన్ని చూసి సంస్కృతేతరం అని అనుమానించవచ్చు గాని, అంతమాత్రాన ద్రావిడం అని తేల్చలేం.

క్రీ.శ. 423 నాటి రాతి సాక్ష్యం

వ్యుత్పత్తులు వాదనలకు లొంగుతాయి. శాసనాలు అంత సులభంగా లొంగవు. రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా గంగధార్‌లో దొరికిన శాసనం మాళవ సంవత్సరం 480 నాటిది, అంటే క్రీ.శ. 423-24. విశ్వవర్మ అనే రాజు దగ్గర మంత్రిగా ఉన్న మయూరాక్షకుడు విష్ణ్వాలయాన్ని, పెద్ద బావిని, వాటితోపాటు మాతృకలకు ఒక గుడిని కట్టించాడు. ఆ గుడిని శాసనకవి ‘డాకినీసంప్రకీర్ణం’, ‘వేశ్మాత్యుగ్రం’ అని వర్ణించాడు: డాకినులతో కిక్కిరిసిన మహోగ్రమైన ఇల్లు అని. ఆ తల్లులు ఆనందంతో మేఘాల్లా గర్జిస్తారని, తంత్రం నుంచి పుట్టిన ప్రచండమైన గాలులతో సముద్రాలను కల్లోలపరుస్తారని కూడా అందులోనే ఉంది.

ఈ ఒక్క శాసనం పైన చెప్పిన రెండు వాదాలనూ ఇబ్బంది పెడుతుంది. ఇందులోని డాకినులు శాంతమూర్తులైన జ్ఞానదేవతలు కారు. భయం గొలిపే గుంపు. అలాగని తరిమికొట్టవలసిన భూతాలూ కారు. వారుండే గుడిని ఒక రాజమంత్రి ‘పుణ్యహేతోః’, పుణ్యం కోసం, కట్టించాడు. గౌరవమూ భయమూ కలిసే ఉన్నాయి. ఇప్పటికీ ఊరి పొలిమేరలో ఉగ్రదేవత గుడికి మొక్కుకునేవారికి ఈ రెండూ కలిసి ఉండటంలో వింత ఏమీ కనిపించదు.

మనం రోజూ వినే స్తోత్రంలో కూడా ఇదే కలయిక ఉంది. ద్వాదశ జ్యోతిర్లింగ స్తోత్రంలో భీమశంకరుణ్ణి ‘యం డాకినీశాకినికాసమాజే నిషేవ్యమాణం పిశితాశనైశ్చ’ అని స్తుతిస్తాం. డాకినీ శాకినుల సమూహంలో, మాంసభక్షకుల చేత సేవలు అందుకునే శివుడు అని అర్థం. జ్యోతిర్లింగాల పేర్లను మాత్రమే చెప్పే చిన్న శ్లోకంలో ‘డాకిన్యాం భీమశంకరమ్’ అని అదే మాట ఒక చోటి పేరుగా వస్తుంది.

బౌద్ధులు ఆమెను ఎలా మార్చుకున్నారు

బౌద్ధ గ్రంథాలలో మార్పు దశలవారీగా కనిపిస్తుంది కాబట్టి అక్కడ కొంచెం ఆగాలి. లంకావతార సూత్రంలో మాంసాహారాన్ని నిషేధించే అధ్యాయం ఉంది. మాంసం తినేవాడు మరుజన్మలో డాకినీ జాతిలో, రాక్షసి కడుపున పుడతాడని అందులో హెచ్చరిక. అక్కడ డాకిని నిస్సందేహంగా నీచజన్మ.

తర్వాతి దశ చైనాలో రాసిన వ్యాఖ్యానంలో దొరుకుతుంది. భారతదేశం నుంచి వెళ్లిన శుభకరసింహుడూ, చైనా భిక్షువు యీషింగ్‌ కలిసి 8వ శతాబ్దం తొలి భాగంలో మహావైరోచన సూత్రాన్ని చైనీస్‌లోకి తెచ్చారు. దానిపై యీషింగ్ రాసిన వ్యాఖ్యానంలో ఒక కథ ఉంది. డాకినులు మనిషి చావు ఆరు నెలల ముందే పసిగట్టి అతని గుండెలోని సారాన్ని తినేస్తుంటారు. వారిని దారికి తేవడానికి వైరోచన బుద్ధుడు మహాకాలుడి రూపం ధరించి వారిని మింగి, మనుషులను చంపబోమని ఒప్పించి విడిచిపెడతాడు. మాంసం మానేస్తే మేమెలా బతకాలని వాళ్లు అడిగితే, చనిపోయినవారి గుండెను తినడానికి అనుమతిస్తాడు. ఇక్కడ డాకిని దేవత కాలేదు. ధర్మానికి లోబడిన భూతం అయింది. భూతాన్ని చంపకుండా మాట తీసుకుని కాపలాకు పెట్టుకోవడం బౌద్ధం పలుచోట్ల పాటించిన పద్ధతే.

మూడో దశ స్త్రీశక్తిని కేంద్రంగా చేసుకున్న యోగినీ తంత్రాలది. హేవజ్ర, చక్రసంవర అనే బౌద్ధ తంత్రాల కాలానికి డాకిని సాధకుడికి దీక్షనిచ్చే గురువు, అతని పరిపక్వతను పరీక్షించే స్త్రీ, చివరికి వజ్రయోగిని రూపంలో సాక్షాత్తు జ్ఞానం. టిబెట్‌లో ఈ గౌరవం మనుషులకూ విస్తరించింది. టిబెట్‌కు తాంత్రిక బౌద్ధాన్ని తెచ్చాడని చెప్పే గురువు పద్మసంభవుడి శిష్యురాలు యేషే సోగ్యాల్‌ను డాకినిగా పూజిస్తారు. అయితే టిబెటన్లు పాత అర్థాన్ని తుడిచివేయలేదు. లౌకిక డాకినులు వేరు, జ్ఞాన డాకినులు వేరు అని విడదీసి, మొదటి తెగలో మాంసం తినేవారికి చోటు ఉంచారు. ఆమె మొదటినుంచీ జ్ఞానదేవతే అయితే ఈ విభజన అవసరమే ఉండేది కాదు. ఈ సంప్రదాయానికి తెలుగు నేలతో ఒక ముడి కూడా ఉంది: బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతిలో, బోధించాడని టిబెటన్ల నమ్మకం, ఆ నమ్మకంతోనే దలైలామా 2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర దీక్ష జరిపారు.

చైనా మీదుగా జపాన్ చేరిన డాకిని ఇంకో దారి పట్టింది. అక్కడ ఆమె దాకినితెన్ అనే దేవత. తెల్లనక్క మీద కూర్చుని ఉంటుంది, పంటలకూ సంపదకూ అధిదేవత అయిన ఇనారితో కలిసిపోయింది. ఐచి ప్రాంతంలోని తొయొకావా ఇనారి అనే ప్రసిద్ధ క్షేత్రం నిజానికి జెన్ బౌద్ధాలయం, అక్కడ కొలిచేది ఈ దాకినితెన్‌నే. వ్యాపారం కలిసిరావాలని మొక్కుకునే జపనీయుల్లో ఎందరికి ఆ పేరు ఒకప్పటి భారతీయ శ్మశానాలదని తెలుసో చెప్పలేం.

పాయసాన్నం ఇష్టపడే డాకిని

లలితా సహస్రనామంలో గొంతు దగ్గర ఉంటుందనే విశుద్ధి చక్రంతో మొదలయ్యే నామావళి చాలామందికి కంఠస్థం. ‘విశుద్ధిచక్రనిలయా’ అని మొదలై, ఎర్రని రంగు, మూడు కళ్లు, ఖట్వాంగం వంటి ఆయుధాలు వర్ణించి, ‘పాయసాన్నప్రియా త్వక్‌స్థా పశులోకభయంకరీ’ అని చెప్పి, చివరికి ‘డాకినీశ్వరీ’ అని ముగుస్తుంది. ఆ తర్వాత ఇదే పద్ధతిలో రాకిని, లాకిని, కాకిని, సాకిని, హాకిని, యాకిని వస్తారు.

ఈ ఏడుగురూ ఎక్కడ ఉంటారో నామాలే చెబుతాయి. డాకిని చర్మంలో, రాకిని రక్తంలో, లాకిని మాంసంలో, కాకిని మేదస్సులో, సాకిని ఎముకలో, హాకిని మజ్జలో, యాకిని శుక్లంలో. అంటే శరీరాన్ని నిలిపే సప్తధాతువులు. కౌల సంప్రదాయపు పాత తంత్రాలలో ఇవే పేర్లు గల యోగినులను శత్రువు శరీరంలోని ధాతువులను భక్షించమని సాధకుడు ప్రార్థించే క్రియలున్నాయి. ఆ నేపథ్యం తెలిశాక సహస్రనామంలోని వరుస కొత్తగా వినిపిస్తుంది. శరీరాన్ని తినగల శక్తి శరీరంలోనే కొలువుండి దానిని కాపాడుతోంది. ఆమె నైవేద్యం పాయసాన్నం. మిగిలినవారికి నేతి అన్నం, బెల్లపన్నం, పెరుగన్నం, పెసర పులగం, పసుపన్నం, చివరి యాకినికి అన్ని అన్నాలూ. మాంసం పోయింది, కాని భయం పూర్తిగా పోలేదు: ‘పశులోకభయంకరీ’ అన్న నామం మిగిలింది. అజ్ఞానపాశాలతో కట్టుబడినవారికి మాత్రమే ఆమె భయంకరి అని వ్యాఖ్యాతలు అర్థం చెబుతారు.

చక్రాల క్రమం అన్ని గ్రంథాలలో ఒకటి కాదన్నదీ ఇక్కడ చెప్పాలి. పూర్ణానందుడి షట్చక్రనిరూపణంలో డాకిని ఉండేది వెన్ను అడుగున ఉంటుందనే మూలాధారంలో, విశుద్ధిలో కాదు. యోగా తరగతుల్లో ఒక పట్టికా, సహస్రనామ వ్యాఖ్యానంలో ఇంకో పట్టికా కనిపించి తికమకపడేవారికి కారణం ఇదే. రెండూ వేర్వేరు సంప్రదాయాలు, ఏదీ అచ్చుతప్పు కాదు. దశమహావిద్యలలో ఛిన్నమస్త పక్కన నిలబడి ఆమె కంఠం నుంచి చిమ్మే రక్తధారను తాగే ఇద్దరు సఖులలో ఒకరి పేరు కూడా డాకినే.

దేవత ముందా, భూతం ముందా

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. ‘దేవతను దిగజార్చారు’ అనే వాదానికి బలం ఎక్కడుందంటే, మాటలు అలా దిగజారడం నిజంగా జరుగుతుంది. మన ‘దయ్యం’ అందుకు తిరుగులేని సాక్ష్యం. దైవము ప్రకృతి, దయ్యము వికృతి అని బడిలో చదువుకున్నదే. పాత కావ్యాలలో దయ్యము అంటే దేవుడే. ఈనాడు ఆ అర్థంలో వాడితే ఎవరికీ తెలియదు. కాబట్టి డాకిని విషయంలో అలా జరగడం అసాధ్యమని ఎవరూ అనలేరు.

అసాధ్యం కాకపోవడం వేరు, జరగడం వేరు. దయ్యం విషయంలో పాత అర్థానికి కావ్యాలు సాక్ష్యం పలుకుతున్నాయి. డాకిని విషయంలో, మాంసభక్షణ లేని స్వచ్ఛమైన జ్ఞానదేవతగా ఆమె కనిపించే గ్రంథాలన్నీ భయంకరరూపం కనిపించేవాటికన్నా తర్వాతివే. ఈ లెక్కన రెండో వాదం, అంటే భూతం దేవత అయిందన్నది, సాక్ష్యానికి దగ్గరగా ఉంది. కాని ‘క్షుద్రశక్తి’ అన్న మాటలోని చిన్నచూపు గంగధార్ గుడికి పొసగదు. అక్కడ ఆమె భయంకరి, పూజ్య కూడా. నాకు సరైనదిగా తోచేది ఇది: ఎగరడం, మాంసం తినడం, ప్రాణం తీయడం, వరమివ్వడం ఇవన్నీ మొదట ఒకే మూర్తిలో ఉన్నాయి, తర్వాతి కాలంలో మఠాలు, ఆగమాలు వరమిచ్చే వైపును తీసుకున్నాయి, ఊళ్లలోని భయం ప్రాణం తీసే వైపును పట్టుకుంది.

డాకిని డాయన్ అయిన దారి

ధ్వని మార్పు సులభంగానే అర్థమవుతుంది. ప్రాకృతంలో రెండు అచ్చుల మధ్య ఉన్న కకారం లోపిస్తుంది. సంస్కృతంలోని కోకిల ప్రాకృతంలో కోఇల అయి, మనకు కోయిలగా వచ్చింది. అదే దారిలో డాకిని డాఇణి అయి, హిందీలో డాయన్, బెంగాలీలో డాయిని, అస్సామీలో డాయినీ అయింది. ఒడియాలో డాహాణీ అంటారు. గుజరాతీ డాకణ్, మరాఠీ డాకీణ్ రూపాలలో కకారం నిలిచింది. సంతాలీలోకి కూడా ‘డాన్’గా చేరింది.

అర్థంలో వచ్చిన మార్పు ఇంతకన్నా పెద్దది. భాగవతంలో డాకిని మనిషి కాదు. డాయన్ మనిషి, పేరు, ఊరు, ఇల్లు ఉన్న స్త్రీ. ఈ మలుపును చూపే మంచి ఉదాహరణ 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో ఉంది. ఆదిత్యప్రభుడనే రాజుకు భార్య కువలయావళి తన రహస్యం చెబుతుంది: పెళ్లికి ముందు చెలికత్తెలు ఆకాశంలో ఎగరడం చూసి తానూ ఆ విద్య కోరిందట, అవి నరమాంసం తినడంవల్ల అబ్బే డాకినీ మంత్రసిద్ధులని, వాటికి గురువు కాలరాత్రి అనే బ్రాహ్మణ స్త్రీ అని తెలిసిందట. కాలరాత్రి ఒక ఉపాధ్యాయుడి భార్య. తనను కాదన్న శిష్యుడి మీద నింద వేస్తుంది, రాత్రివేళ తోటి స్త్రీలతో గోశాలతో సహా ఆకాశంలో ఉజ్జయినికి ఎగిరి వెళ్తుంది. డాకిని ఇక్కడ శ్మశానంలోని శక్తి కాదు, మంత్రం నేర్చిన ఇల్లాలు. ఎవరి భార్య అయినా, ఎవరి పొరుగావిడ అయినా కావచ్చు. అనుమానానికి తలుపు తెరుచుకున్నది ఈ చోటనే.

అనుమానం నుంచి శిక్షకు ఎంతో దూరం లేదు. 14వ శతాబ్దంలో మన దేశంలో ఉన్న మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, చూపుతోనే మనిషిని చంపి గుండె తినేస్తారని జనం నమ్మే స్త్రీల గురించి రాశాడు. ఒక కరువు కాలంలో, పక్కనున్న పిల్లవాడి గుండె తిన్నదని ఒక స్త్రీని పట్టుకువచ్చారు. నీళ్లు నింపిన నాలుగు కుండలను కాళ్లకూ చేతులకూ కట్టి యమునలో వేశారు. ఆమె మునగలేదు కాబట్టి నేరం రుజువైందని కాల్చివేశారు. మునిగితే నిర్దోషి అయ్యేది, కాని బతికేది కాదు. అక్బరు కాలపు ఐనె అక్బరీ కూడా సింధు ప్రాంతపు వర్ణనలో చూపుతో కాలేయాన్ని హరించే ‘జిగర్‌ఖ్వార్’లను పేర్కొంది. భాష మారింది, మతం మారింది. లోపలి అవయవాన్ని కంటికి కనిపించకుండా తినేస్తుందన్న ఆరోపణ మాత్రం యీషింగ్ వ్యాఖ్యానంలో ఉన్నదే. పైకి గాయం కనిపించకుండా, కారణం తెలియకుండా మనిషి క్షీణించి చనిపోతే చెప్పుకోవడానికి ఆ కాలంలో దొరికిన వివరణ అది.

తెలుగు ప్రాంతాల్లో మాట వేరు, ఆపద వేరు కాదు

తెలుగులో డాకిని గ్రంథాల మాటగా, కథల మాటగా ఉండిపోయింది. ఊళ్లలో ఒక స్త్రీని వేలెత్తి చూపే మాట కాలేదు. తెలంగాణలో బాణామతి, ఉత్తరాంధ్రలో చిల్లంగి, అన్నిచోట్లా చేతబడి అంటారు. ఇవన్నీ చేసే పనికి పేర్లు, మనిషికి కాదు. మంత్రగత్తె అనే మాట ఉన్నా ఊళ్లలో నింద ఎక్కువగా ‘బాణామతి చేస్తున్నారు’, ‘చిల్లంగి పెట్టారు’ అన్న రూపంలోనే వస్తుంది. అందువల్ల ఇక్కడ ఆ నిందకు బలైనవారిలో మగవాళ్లు, భార్యాభర్తలు కూడా కనిపిస్తారు. హిందీ ప్రాంతాలలో డాయన్ అన్న మాటే స్త్రీలింగం కాబట్టి, నింద పుట్టకముందే అది ఎవరి మీద పడాలో సగం నిర్ణయమైపోతుంది. అది తరచు ఒంటరి స్త్రీ మీద, భూమి ఉండి అండలేని వితంతువు మీద పడుతుంది.

చట్టం ఆ మాటను ఎలా నిర్వచించింది

నేటి రాజస్థాన్‌లోని మేవాడ్ రాజ్యం స్త్రీలను డాకన్ (డాయన్‌కు అక్కడి రూపం) అని ముద్రవేసే ఆచారాన్ని 1853లో నిషేధించింది. స్వతంత్ర భారతంలో బీహార్ 1999లో డాయన్ ఆచార నిరోధక చట్టం తెచ్చింది. ఆ రాష్ట్రం నుంచి విడిపోయిన ఝార్ఖండ్ 2001లో దానినే తీసుకుంది. ఛత్తీస్‌గఢ్ 2005లో, అక్కడి మాట ‘టోనహీ’ పేరుతో, చట్టం చేసింది. ఒడిశా 2013లో, రాజస్థాన్, అస్సాం 2015లో చేశాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. హత్య, దాడి వంటి సాధారణ నేరాల కిందే కేసులు నడుస్తాయి.

చట్టం రాసేవారికి ఒక చిక్కు ఎదురైంది. డాయన్ అంటే అతీతశక్తి గల స్త్రీ అని నిర్వచిస్తే, అలాంటి శక్తి ఉందని శాసనసభే ఒప్పుకున్నట్టవుతుంది. అసలు నిర్వచించకపోతే నేరం ఏమిటో తేలదు. బీహార్ చట్టం ఈ చిక్కును విప్పిన తీరు గమనించదగ్గది: క్షుద్రవిద్యతోనో, చెడుచూపుతోనో, మంత్రంతోనో హాని చేయగలదని ఇతరులు ఎవరిని గుర్తించారో ఆ స్త్రీ డాయన్. రాజస్థాన్ చట్టం డాయన్, డాకన్, డాకిన్, చుడైల్ వంటి స్థానికమైన పేర్లను వరుసగా చేర్చి, వాటితో ముద్రపడిన స్త్రీని అదే పద్ధతిలో నిర్వచించింది. మాట మొత్తం చరిత్రలో మొదటిసారిగా దాని అర్థం ఆ స్త్రీలో గాని, ఏ లోకంలోని శక్తిలో గాని లేదు. ఆమెను ఆ పేరుతో పిలిచినవారి చర్యలో ఉంది. శిక్షపడేది కూడా ఆ పిలిచినవారికే.

ఇంతకీ ఆ శిక్ష ఎంత అన్నది విమర్శకు గురవుతోంది. బీహార్, ఝార్ఖండ్ చట్టాలలో ఒకరిని డాయన్ అని ముద్రవేసినందుకు గరిష్ఠంగా మూడు నెలల జైలు లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. హింసిస్తే ఆరు నెలలు లేదా రెండువేలు, లేదా రెండూ. ఇంత తక్కువ శిక్షకు ఎవరూ వెనుదీయరని మహిళా సంఘాల వాదన. చట్టంకన్నా వైద్యం, భూమి హక్కు, చదువు ముందు ఊరికి చేరాలని, లేకపోతే ఎంత పెద్ద శిక్ష రాసినా ఫిర్యాదు చేసేవాళ్లే ఉండరని మరికొందరు అంటారు. ఒకప్పుడు తానే డాయన్ నింద భరించి, తర్వాత అలాంటి స్త్రీలకు ఆశ్రయమిచ్చిన ఝార్ఖండ్ మహిళ ఛుట్నీ మహతోకు, అస్సాంలో ఇదే పోరాటం చేసిన బీరుబాలా రాభాకు 2021లో పద్మశ్రీ లభించింది. అస్సాం చట్టం వెనుక బీరుబాల ఉద్యమం ఉంది. అక్కడి చట్టంలో ముద్రవేయడానికి శిక్ష నెలలలో కాదు, సంవత్సరాలలో ఉంది.